ఎనిమిది గీతల్లో మన జాగ ఏది?

ముందే చెబుతున్నాను, ఇది కంప్యూటర్ ఆటలు మానుకొమ్మని రాసిన వ్యాసం కాదు. హాస్టల్లో పిల్లల చేతుల్లోంచి ఫోను గుంజుకొని బీరువాలో పెట్టి తాళం వేసే సార్ల పక్షాన నేను లేను. ఆట ఆడే పిల్లవాడికి లండన్ ఎక్కడుందో తెలుస్తుంది, పన్ను ఎట్లా వసూలవుతుందో తెలుస్తుంది, సిపాయికి జీతం ఇయ్యకపోతే ఏమవుతుందో తెలుస్తుంది. సాంఘికశాస్త్రం గైడు బట్టీపట్టి ఇవన్నీ తెలుసుకున్నవాడిని నేనింకా చూడలేదు. నా పేచీ ఒక్క మాటతోనే. "ఇంగ్లండును మంచిగ బ్యాలెన్స్ చేసిన సార్" అని మన పిల్లవాడు మురిసిపోతాడు చూడండి, ఆ బ్యాలెన్స్ అనే మాటతో. త్రాసు అన్నాక రెండు తట్టలుంటాయి. ఆ తట్టల్లో దేంట్లోనూ మనం లేమని, త్రాసు నిలబెట్టిన బండ కింద ఉన్నామని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు.

ఆట సంగతి తెలియని సార్ల కోసం రెండు మాటలు. స్వీడన్ దేశపు పారడాక్స్ కంపెనీ తయారుచేసిన యూరోపా యూనివర్సాలిస్ అనే ఆట ఉంది. దాని రెండో భాగం 2001లో వచ్చింది. పాతదే, అందుకే సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. 1419లో మొదలై 1819 దాకా, 400 ఏళ్లు ఒక దేశాన్ని మనం నడపాలి. దేశం లోపలి విధానాలకు ఒక పేజీ ఉంటుంది. అందులో ఎనిమిది గీతలు, ఒక్కో గీత మీద అటూ ఇటూ జరిపే మీట. దాన్నే స్లైడర్ అంటారు. కేంద్రీకరణా, వికేంద్రీకరణా? పెత్తనం జమీందార్లదా, వర్తకులదా? వెట్టా, స్వేచ్ఛా? కొత్తదనమా, ఛాందసమా? సరుకుకు కట్టడి పెట్టాలా, స్వేచ్ఛగా వదలాలా? దాడా, కాపుదలా? భూసైన్యమా, ఓడలా? సిపాయిల నాణ్యతా, సంఖ్యా? పదేళ్లకు ఒక్కసారి, ఒక్క గీత మీద, ఒక్క మెట్టు మాత్రమే జరపొచ్చు. ఈ ఎనిమిది గీతల దగ్గరే ఆట తెలిసినవాళ్లు గంటలకొద్దీ వాదించుకుంటారు.

ఇంగ్లండు ఆడేవాళ్లు సాధారణంగా ఇచ్చే సలహా ఏమిటంటే, అధికారాన్ని కేంద్రం వైపు లాగు, ద్వీపం కాబట్టి ఓడల వైపు జరుపు, వర్తకుల వైపు జరుపు, మెల్లమెల్లగా వెట్టి తగ్గించు. ఇంతవరకు పెద్ద తగాదా ఉండదు. తగాదా వచ్చేది కొత్తదనం, ఛాందసం గీత దగ్గర. కొత్తదనం వైపు పోతే విద్యలు, యంత్రాలు చవకగా వస్తాయి. ఛాందసం వైపు పోతే మత ప్రచారకులు ఎక్కువమంది దొరుకుతారు, సముద్రం దాటి వేరే నేలల్లో పాతడానికి సెటిలర్లు ఎక్కువమంది దొరుకుతారు. సెటిలర్ అనే మాటకు తెలంగాణలో నేను అర్థం చెప్పనక్కర్లేదు.

ఇక్కడ కాస్త ఆగి చూడండి. ఇంట్లో బుద్ధి మూసుకుంటే బయట నేల దొరుకుతుందని ఆట తయారుచేసినవాళ్లే లెక్కగట్టి పెట్టారు. చరిత్ర పుస్తకాలు ఇంత సూటిగా చెప్పవు, ఈ విషయంలో ఆటే నయం. కానీ ఆ సెటిలర్లు దిగిన నేల మీద ఎవరున్నారు? మ్యాపులో ఆ జాగ రంగు లేకుండా ఖాళీగా కనిపిస్తుంది. నొక్కి చూస్తే రెండు సంగతులు వస్తాయి. స్థానికులు ఎంతమంది, వాళ్ల కోపం ఎంత. అంతే. పేరు లేదు, భాష లేదు, దేవత లేదు, చనిపోయిన పెద్దల సమాధి లేదు. వాళ్ల కోపం ఎక్కువుంటే సెటిలర్లు నిలదొక్కుకోవడం కష్టం. అందుకని కొందరు ముందే సైన్యాన్ని దింపి ఆ అంకెను సున్నా చేస్తారు. ఇంకొందరు తెలివైనవాళ్లు ఆ అంకెను కాపాడుకుంటారు, ఎందుకంటే ఊరు పెద్దదయ్యాక అది తమ జనాభాలో కలుస్తుంది. చంపడమా, కలుపుకోవడమా అన్నది అక్కడ ఖర్చు లెక్క. ఎనిమిది గీతల్లో ఒక్కటి కూడా ఆ అంకెను అడిగి జరిగేది లేదు.

కొన్ని అమెరికా ఆదివాసీ జాతులకు దేశం హోదా ఉంది, ఇరోక్వాలుగా మనమే ఆడొచ్చు అని ఆట తెలిసిన తమ్ముడు నాకు ఎదురు చెబుతాడు. నిజమే, ఆడొచ్చు. కానీ వాళ్ల ముందు పెట్టేది కూడా అవే ఎనిమిది గీతలు. ఇరోక్వా వాళ్లు కేంద్రీకరణా, వికేంద్రీకరణా అని లండన్ దర్బారు లెక్కలోనే ఆలోచించాలి. ఆడే జాగ ఇచ్చారు గానీ ఆలోచించే జాగ ఇయ్యలేదు. 2013లో వచ్చిన నాలుగో భాగంలో ఈ గీతలు తీసేశారు. ఆ భాగంలో స్థానికుల పట్ల ఒక విధానం ఎంచుకొమ్మంటారు. కలిసి ఉండటమా, వ్యాపారం చేయడమా, అణచడమా అని. ఎంచుకునేది ఎవరు? ఓడ దిగినవాడే.

దక్కనులో అయితే మనం ఆ స్థానికుల అంకెలో కూడా లేం. కృష్ణకు ఇవతలి గట్లన్నీ ఎవరో ఒక రాజు రంగు కింద పోతాయి. నల్లమలలో చెంచు పెంట ఉందని ఆ రంగుకు తెలియదు.

సరే, ఇంగ్లండు మాటే తీసుకుందాం. సొంత ఇంట్లోనైనా ఆ దేశం ఈ ఎనిమిది గీతల మీదే నడిచిందా? ఆట మొదలయ్యే 1419కి రెండు వందల ఏళ్ల ముందే, 1217లో, మూడో హెన్రీ చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు అక్కడ అటవీ శాసనం వచ్చింది. రాజుగారి అడవిలో పందులు మేపుకోవడానికి, కట్టెలు తెచ్చుకోవడానికి, పశువులను తోలుకోవడానికి స్వేచ్ఛాపరులైన జనానికి ఉన్న హక్కులను అది ఒప్పుకుంది. రాజు జింకను కొట్టినందుకు ప్రాణం తీయొద్దని, అవయవాలు నరకొద్దని రాసింది. మన దేశంలో అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. ఏడు వందల ఎనభై తొమ్మిది ఏళ్ల తేడా. తమ అడవిలో కట్టెపుల్లకు హక్కు రాసుకున్న ఇంగ్లండు దొరలే ఇక్కడికి వచ్చి 1865లో, 1878లో అటవీ చట్టాలు తెచ్చి మన జనాన్ని అడవిలో దొంగలుగా నిలబెట్టారు. సొంత దేశంలోనైనా ఆ శాసనం మాట పూర్తిగా నిలబెట్టుకున్నారా అంటే అదీ లేదు. 1723లో నల్ల చట్టం తెచ్చి, ముఖానికి మసి పూసుకొని జింకల వేటకు పోయినవాళ్లకు ఉరిశిక్ష పెట్టారు. ఉమ్మడి భూములకు కంచె వేసుకోవడానికి 1604 నుంచి 1914 దాకా అక్కడి పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసింది. ఊరి బీడు, ఊరి పొద, ఊరి చెరువుగట్టు, అన్నీ దొరల పట్టాలయ్యాయి. ఎనిమిది గీతల్లో ఈ కంచె ఎక్కడుంది? వెతికి చూడండి, దొరకదు. కంచె లోపల పండిన ఊలుకు మాత్రం ధర ఉంటుంది.

తిరుగుతూ బతికేవాళ్ల సంగతి ఇంకా విచిత్రం. మన గోర్ బంజారాల్లాగే బండి కట్టుకొని తిరిగే రోమా జనం ఇంగ్లండులో ఉన్నారు. వాళ్ల భాష మన దేశపు భాషల కుటుంబానికి చెందినదే. ఈజిప్టు నుంచి వచ్చారనుకొని 1530లో వాళ్లను వెళ్లగొట్టడానికి చట్టం చేశారు. 1554లో చేసిన చట్టం ప్రకారం పోకుండా ఉండిపోతే మరణశిక్ష. ఇది ఆట నడిచే కాలమే, దేశం లోపలి విధానమే. ఆ ఏళ్లలో ఆటగాడు ఏం చేస్తుంటాడు? ఓడల వైపు ఇంకో మెట్టు జరపాలా వద్దా అని తల పట్టుకొని కూర్చుంటాడు. 1871లో మన దేశంలో నేరస్థ జాతుల చట్టం పెట్టినప్పుడు, పుట్టుకతోనే దొంగ అనే ఆలోచన ఇక్కడి ఎండకు పుట్టింది కాదు. ఓడలో వాళ్లు వెంట తెచ్చుకున్నదే. 1911లో ఆ చట్టాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా చాపారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఐదేళ్లకు, 1952లో గానీ అది పోలేదు.

ఇంకో లెక్క చెబుతాను, ఇది మన తండాల్లో పిల్లలకు తప్పక చెప్పాల్సింది. ఆటలో సైన్యం ఒక ప్రాంతంలోకి పోతే ఆ నేల ఎంతమంది సిపాయిలను మోయగలదో ఒక అంకె ఉంటుంది. అంకె దాటితే సిపాయిలు రాలిపోతారు. ఆ అంకె వెనక ఉన్నదెవరు? 1791 మే నెలలో కార్న్‌వాలిస్ టిప్పు మీదికి పోయి శ్రీరంగపట్నం ముందు నిలబడ్డాడు. గింజలు లేవు, ఎద్దులు చచ్చిపోతున్నాయి. కోట కొట్టడానికి తెచ్చిన పెద్ద ఫిరంగులను తానే పాడుచేసి వెనక్కి మళ్లాడు. 1792 ఫిబ్రవరిలో మళ్లీ వచ్చినప్పుడు ఆ సైన్యం కడుపు నింపింది బంజారాల లదేణి. మన నిజాం ఆ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ల పక్షమే. తరవాత వెలింగ్టన్ అయిన ఆర్థర్ వెల్లెస్లీ కూడా దక్కనులో నడిపిన యుద్ధాలకు బంజారాల ధాన్యం మీదే ఆధారపడ్డాడు. అంతకుముందు పదిహేడో శతాబ్దంలోనే టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు పది పన్నెండు వేల ఎద్దుల బిడారులు దారుల్లో ఎదురయ్యాయని రాశాడు. ఉప్పు, గోధుమ, బియ్యం, పప్పు, అన్నీ ఎద్దుల వీపు మీదే. నాయక్ మాట మీద ఊరికి ఊరు కదిలేది. ఆ సైన్యం గెలిచింది, ఆ గెలుపు మీద రాజ్యం నిలిచింది, ఆ రాజ్యం రోడ్లు వేసి రైలు వేసింది, రైలుతో లదేణి చచ్చింది. తిండి పెట్టినవాడి పని తీసేసి, పని లేక తిరుగుతున్నాడు కాబట్టి దొంగ అన్నారు. ఇంగ్లండు బ్యాలెన్స్ బాగానే కుదిరింది.

వెట్టి గీత సంగతి కూడా చూద్దాం. ఆటలో మీటను వెట్టి వైపు పెడితే దేశంలో స్థిరత్వం తక్కువ ఖర్చుతో వస్తుంది. స్వేచ్ఛ వైపు జరిపితే సిపాయికి ధైర్యం పెరుగుతుంది, స్థిరత్వానికి మాత్రం ఎక్కువ ఖర్చు పెట్టాలి. ఎవరి స్థిరత్వం? మన నల్లగొండ, పాలమూరు ముసలివాళ్లను అడగండి. దొర గడీ స్థిరంగానే ఉండేది. గద్వాల, వనపర్తి సంస్థానాల కోటలు స్థిరంగానే ఉండేవి. స్థిరంగా లేనిది దొర ఇంట్లో నీళ్లు మోసినవాడి నడుం. ఆటలో పదేళ్లకు ఒకసారి రాజు దయతలచి ఒక మెట్టు జరుపుతాడు. ఇక్కడ ఏ రాజూ జరపలేదు. అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకాలో, ధర్మాపురం లంబాడాలు తమ భూములను దొరలు కాజేయాలని చూస్తే ఎదురుతిరిగారు. జాటోతు ఠానూనాయక్ ఆ సాయుధ పోరాటంలోనే ప్రాణం ఇచ్చాడు. మీట జరిపింది వాళ్లు. ఏ ఆటలోనూ కింది నుంచి మీటను నెట్టే బొత్తాం నేను చూడలేదు. తిరుగుబాటు వస్తుంది, ఎర్ర జెండా వస్తుంది, దాన్ని కొట్టి పడేయాల్సిన పని ఆటగాడిది.

ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి దేవరకొండ, ఆటను ఆటగా చూడలేరా అని నన్ను అడిగే మిత్రులున్నారు. మనల్ని ఏలేవాళ్లు ఆటగా చూడటం మానేస్తే నేనూ మానేస్తాను. హైదరాబాదులో, ఢిల్లీలో మన మీద పెట్టే విధానాల పేజీ ఆ ఆటలోని పేజీలాగే ఉంటుంది.

కేంద్రీకరణ, వికేంద్రీకరణ గీత తీసుకోండి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో మన తండాలు పంచాయతీలయ్యాయి. మా తండాలో మా రాజ్యం అని డప్పు కొట్టుకున్నాం. కొట్టుకోవాల్సిందే, ముప్పై ఏళ్లు అడిగి సాధించుకున్నది. కానీ అదే చట్టం సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారాన్ని కలెక్టరు చేతిలో పెట్టింది. చెక్కు మీద సర్పంచ్‌తోపాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలంది. 2024 ఫిబ్రవరిలో గడువు అయిపోగానే ప్రత్యేకాధికారులు వచ్చి కూర్చున్నారు. మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. మీట వికేంద్రీకరణ వైపే కనిపిస్తుంది, తాడు మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది.

ఇంకో తిరకాసు. పీసా చట్టం 1996లో వచ్చింది, భూబదలాయింపు నిషేధం 1/70 అంతకుముందు నుంచే ఉంది. రెండూ ఐదో షెడ్యూలు ప్రాంతాలకే. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో అమ్రాబాదు వైపు కొన్ని ఊళ్లు ఆ షెడ్యూలులో ఉన్నాయి. నల్లగొండ జిల్లాలో ఒక్కటీ లేదు. దేవరకొండ గుట్టల్లో ఎన్ని తండాలున్నా, ఆ నేల మీద గిరిజనేతరుడు కొనకుండా ఆపే గీత లేదు. ఎస్టీ అని సర్టిఫికెట్ చేతికి ఇచ్చారు, కాళ్ల కింది నేలకు కాపుదల ఇయ్యలేదు. ఈ తేడా మన డిగ్రీ పిల్లల్లో ఎంతమందికి తెలుసో సార్లు ఒకసారి క్లాసులో అడిగి చూడండి.

అమ్రాబాదు సంగతి వస్తే, 2019 మేలో కేంద్ర అటవీ సలహా సంఘం పులుల అడవిలోనే 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచులు, ఊళ్ల జనం, విద్యార్థులు, రచయితలు లేచి గొడవ చేస్తే సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ యురేనియం వద్దని తీర్మానం చేసింది. మంచిదే. కానీ పులి పేరు చెప్పి పెంటలను అడవి బయటికి పంపే మాట మాత్రం ఆగలేదు. మైనింగు వైపు మీట పెడితే చెంచు బయటికి, పులి వైపు పెడితే కూడా చెంచు బయటికే. గీతకు రెండు కొసలున్నాయి, రెండు కొసల్లోనూ చెంచు లేడు. తేనె తీసేవాడు, తీగ తెంపే ముందు దండం పెట్టేవాడు ఉంటేనే అడవి ఉంటుందనే మూడో ఆలోచన ఆ గీత మీద పట్టదు.

స్లైడర్ చేసే అసలు మోసం ఇదే. ఒక కొస లాభపడాలంటే ఇంకో కొస నష్టపోవాలని అది మన బుర్రలో నాటుతుంది. లంబాడాలను జాబితాలోంచి తీసేయాలని ఒకవైపు, వద్దని ఇంకోవైపు, గిరిజనులు గిరిజనుల మీద ర్యాలీలు తీస్తున్నారు. తెలంగాణ లంబాడాలు 1976 చట్టంతో ఎస్టీ జాబితాలోకి వచ్చారు. అప్పటి నుంచి ఒకే రొట్టెను ఎట్లా కోయాలనే దాని మీదే మనల్ని కొట్లాడమంటున్నారు. చెంచుకు, కోయకు, గోండుకు చదువులో, కొలువుల్లో అన్యాయం జరిగిందనేది నిజం. ఆ నిజాన్ని లంబాడా ముందుగా ఒప్పుకోవాలి, గోర్ మనిషిగా నేను ఒప్పుకుంటున్నాను. కానీ రొట్టె సైజు ఎవరు నిర్ణయించారు? మనిద్దరి పేర్లు రెండు కొసల్లో రాసి మీటను చేతిలో పట్టుకున్నవాడెవడు? వాడి మీద ఒక్క ర్యాలీ అయినా తీశామా?

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేది, ఇంగ్లండును ఆడండి. బాగా ఆడండి, గెలవండి కూడా. మీట జరిపిన ప్రతిసారీ ఆ ఖర్చు ఏ మ్యాపులో, ఎవరి మీద పడిందో ఒక కాగితం మీద రాయండి. ఖాళీ జాగ అని చూపించిన ప్రతి చోట నొక్కి ఆ అంకె చదవండి. తరవాత ఆ చోట నిజంగా ఏ జాతి ఉండేదో, ఇప్పుడు ఎందరున్నారో వెతకండి. పదిసార్లు ఇట్లా చేస్తే ఆట మీద విసుగు రాదు, ఇంకా పదును వస్తుంది.

సార్లకు చెప్పేది ఇంతకంటే చిన్న పని. ఒక పీరియడ్ చాలు, సుద్దముక్క చాలు. బోర్డు మీద ఎనిమిది గీతలు గీసి వాటి కొసల్లో పేర్లు రాయండి. 1554 ఇంగ్లండులో రోమా పిల్లవాడిగా, 1792 దక్కనులో లదేణి నాయక్‌గా, ఇవాళ మన్ననూరు పక్క పెంటలో చెంచు ఆడబిడ్డగా ఒక్కో గీత మీద తమ జాగ ఎక్కడో చూపించమని పిల్లలను అడగండి. చూపించలేరు. అప్పుడు తొమ్మిదో గీత గీసి, దాని కొసలకు పేర్లు పెట్టమని సుద్దముక్క వాళ్ల చేతికి ఇయ్యండి. నేను అడిగిన క్లాసులో ఒక అమ్మాయి గీతకు ఒకవైపు "అడిగి" అని, రెండోవైపు "అడగకుండా" అని రాసింది. వెనక బెంచీ పోరగాడు లేచి, అది గీత ఎట్లయితది, దానికి మధ్యలో ఆగే జాగ లేదు కదా అన్నాడు. గంట కొట్టేదాకా ఇద్దరూ దాని మీదే కొట్లాడారు.